ఇసుకపిట్ట స్నానం

అనగనగా ఒక ఎడారి. అడవి కథలు చాలా విన్నారు కదా, ఈసారి నీడ కోసం కూడా వెతుక్కోవలసిన చోటికి పోదాం. ముందే చెబుతున్నాను పిల్లలూ, ఈ కథ చెప్పినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. గొంతు పెరిగితే అది మీ మీద కాదు.

ఆ ఎడారి మధ్యలో ఒక నీళ్ళగుంట ఉంది. ఇంకో గుంట కావాలంటే ఒక పూట ప్రయాణం. అందుకని అక్కడి జంతువులు తాతల నాటి నుంచి ఒక కట్టుబాటు పెట్టుకున్నాయి. 'తాగు, తప్పుకో.' అంతే. ఎంత పెద్ద జంతువైనా గుంట పక్కన మకాం పెట్టకూడదు. పెద్దవి అక్కడే కూర్చుంటే చిన్నవి భయపడి రావు కదా! ఆకలితో ఉన్న నక్క కూడా ఆ గుంట దగ్గర ఎవరినీ ముట్టుకునేది కాదు.

ఒక చలికాలం ఆ ఎడారికి ఒక ఇల్లుబండి వచ్చింది. ఇల్లుబండి అంటే చక్రాల మీద ఇల్లు. లోపల మంచం, పొయ్యి, కిటికీలకు పూల పరదాలు. ముందు ఇంజను. నడిపేది గురవయ్య అనే ఎలుగుబంటి. పక్కన కూర్చుని దారి చెప్పేది ఆయన భార్య నాంచారమ్మ. ఇద్దరూ సర్కస్‌లో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఆయన సైకిలు తొక్కేవాడు, ఆమె బంతి మీద నడిచేది. చలికి మోకాళ్ళు పట్టేస్తున్నాయని, ఆ నాలుగు నెలలూ వెచ్చగా ఎడారిలో గడుపుదామని వచ్చారు.

అందులో తప్పేమీ లేదు. ఒళ్ళు వంచి బతికినవాళ్ళు కాస్త ఎండకు కూర్చుంటే ఎవరికి కడుపుమంట? కానీ అంత ఎడారి ఖాళీగా ఉంటే, వాళ్ళు బండిని తీసుకెళ్ళి సరిగ్గా నీళ్ళగుంట ఒడ్డున ఆపారు.

నక్క వచ్చి మర్యాదగా చెప్పింది. "గురవయ్యగారూ, ఇక్కడ తాగి తప్పుకోవడం మా ఆనవాయితీ. బండిని ఆ గుట్ట అవతల పెట్టుకోండి. అక్కడ గాలి కూడా కొట్టదు."

గురవయ్యకు చురుక్కుమంది. "ముప్పై ఏళ్ళు కొరడా కింద బతికాం. ఎక్కడ కూర్చోవాలో ఇప్పుడు కూడా ఇంకొకరు చెప్పాలా? పో, పో!" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఓబులేసు అనే ఇసుకపిట్ట వచ్చాడు. దూరాన రాళ్ళ నేలలో అతనికి గూడు, గూట్లో ముగ్గురు పిల్లలు. పుట్టి నాలుగు రోజులే అయింది. ఎగరలేరు, అంత దూరం నడవలేరు. అందుకని తండ్రే నీళ్ళు తేవాలి. ఎలా తెస్తాడు? గుంటలో దిగి, పొట్టను నీళ్ళకు ఆనించి, ఈకలు బాగా నానేదాకా నిలబడతాడు. ఆ తడి ఈకలతో ఎగిరి వెళతాడు. పిల్లలు అతని పొట్ట కింద దూరి ఈకలు చప్పరించి దాహం తీర్చుకుంటారు.

ఓబులేసు నీళ్ళలో నిలబడటం నాంచారమ్మ కిటికీలోంచి చూసింది. "ఏమండీ, ఈ చోద్యం చూశారా! తాగడానికే నీళ్ళు లేని ఎడారిలో వీడెవడో స్నానం చేస్తున్నాడు!"

గురవయ్య చీపురు పట్టుకుని దిగాడు. "తాగాలంటే తాగి పో. జలకాలాటలు ఇక్కడ కుదరవు!"

"స్నానం కాదయ్యా. ఈకల్లో నా పిల్లలకు నీళ్ళు పట్టుకెళుతున్నాను. ఒక్కసారి దగ్గరికి వచ్చి చూడండి" అన్నాడు ఓబులేసు.

గురవయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఈకల్లో నీళ్ళా? సర్కస్‌లో ఇలాంటి గారడీలు ఎన్ని చూడలేదు!"

చూడలేదు పిల్లలూ. వంగి ఒక్కసారి చూడలేదు. చీపురుతో తోలేశాడు. తోలేసి ఏం చేశాడో తెలుసా? అదే గుంటలోంచి బకెట్లతో నీళ్ళు తోడి బండి కడిగాడు! నాంచారమ్మ పరదాలు ఉతికింది. మురికినీళ్ళన్నీ బండి కిందే పారబోసింది. గురివింద గింజకు తన కింది నలుపు తెలియదని ఊరికే అన్నారా?

రెండో రోజు ఓబులేసు తన వెంట పెద్దయ్య అనే ఒంటెను తీసుకొచ్చాడు. పెద్దయ్య అన్నాడు, "నమ్మకపోతే మానెయ్యండి. పొద్దున పూట ఒక్క గంట బండిని వెనక్కి జరపండి చాలు."

"మధ్యాహ్నం రమ్మను" అన్నాడు గురవయ్య.

"మధ్యాహ్నం ఎండకు దారిలోనే ఈకలు ఆరిపోతాయి" అన్నాడు ఓబులేసు.

నాంచారమ్మ మెల్లిగా అంది, "ఒక్క గంటే కదండీ..."

"నువ్వూరుకో. ఇవాళ గంట అంటారు, రేపు పొమ్మంటారు."

ఆమె ఊరుకుంది. ఆ ఊరుకోవడం కూడా తప్పే. ఆమె కడవలు కడవలు ఏడ్చినా సరే, నేను తప్పే అంటాను. ఓబులేసు ఆ రోజు కూడా పొడి ఈకలతోనే వెనక్కి పోయాడు.

మూడో రోజు ఓబులేసు సూర్యుడి కంటే ముందే వచ్చాడు. చప్పుడు చేయకుండా నీళ్ళకు పొట్ట ఆనించాడు. గురవయ్య చూశాడు. నవ్వుతూ హారన్ మీద చెయ్యి వేసి గట్టిగా మోగించాడు. పిట్ట గుండె ఎంతుంటుంది? బెదిరిపోయి సగం తడిసిన ఈకలతోనే లేచిపోయాడు. ఆ కాసిన్ని చుక్కలు ఇద్దరు పిల్లలకే సరిపోయాయి. అందరికంటే చిన్నది మధ్యాహ్నానికి చచ్చిపోయింది.

అదే మధ్యాహ్నం ఇల్లుబండి దిగబడింది. గుంట ఒడ్డున నేల పైకి గట్టిగా కనిపిస్తుంది కానీ, కింద అంతా బురదే. మూడు రోజులుగా పోసిన మురికినీళ్ళకు పైపొర నాని విరిగింది. వెనక చక్రాలు సగందాకా దిగాయి. ఇంజను తిప్పేకొద్దీ ఇంకా కిందికి పోయాయి.

గురవయ్య నక్కను పిలిచాడు. "ఎక్కడ కూర్చోవాలో మీకు ఇంకొకరు చెప్పకూడదు కదా. అక్కడే కూర్చోండి" అంది నక్క.

పెద్దయ్యను పిలిచాడు. "లాగగలను. కానీ నువ్వు అడగాల్సింది నన్ను కాదు. ఓబులేసును అడుగు" అన్నాడు పెద్దయ్య.

మర్నాడు పొద్దున ఓబులేసు వచ్చాడు. గురవయ్య చేతులు నలుపుకుంటూ పలకరించాడు. "బండి దిగబడింది నాయనా. పెద్దయ్యకు ఒక మాట చెప్పవూ? పిల్లలు బాగున్నారా?"

"ఇద్దరు బాగున్నారు."

"ముగ్గురన్నావు?"

ఓబులేసు గుంటలో దిగి పొట్ట తడుపుకున్నాడు. నేరుగా వచ్చి గురవయ్య అరచేతిలో కూర్చుని, ఈకలను గట్టిగా అదిమాడు. నీళ్ళు కారాయి. అరచెయ్యి నిండింది.

"ఇదీ నా గారడీ. నిన్న మా చిన్నదానికి ఇందులో సగం చాలేది."

గురవయ్య ఆ నీళ్ళను పారబోయలేకపోయాడు. అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"లాగమంటావా, వదిలెయ్యమంటావా?" అని పెద్దయ్య అడిగాడు.

"లాగు మామా. వీళ్ళ మీద జాలితో కాదు. ఈ బండి ఇక్కడే ఉంటే నా మిగిలిన ఇద్దరూ బతకరు."

పెద్దయ్య తాడు కట్టి బండిని బయటికి లాగాడు. నాంచారమ్మ భోరుమంది. "తప్పైపోయింది నాయనా, క్షమించు!"

"క్షమించను. దారి వదలండి" అన్నాడు ఓబులేసు. మళ్ళీ నీళ్ళలో దిగి, ఈసారి తొందరపడకుండా ఈకలు పూర్తిగా నానబెట్టుకుని, పిల్లల దగ్గరికి ఎగిరిపోయాడు.

ఎలుగుబంట్లు ఇద్దరూ బండిని గుట్ట అవతల పెట్టుకున్నారు. ఆ చలికాలమంతా మిట్టమధ్యాహ్నం కాలినడకన వచ్చి, ఒక్కో బకెట్ నీళ్ళు తోడుకుని వెంటనే తప్పుకునేవారు. మోకాళ్ళు నొప్పి పెట్టేవి. పెట్టనివ్వండి!

నీతి: ఎంత కష్టపడి సంపాదించుకున్న సుఖమైనా, ఇంకొకరి గుక్కెడు నీళ్ళకు అడ్డం కూర్చునే హక్కు ఇవ్వదు. "వచ్చి చూడండి" అని ప్రాణం కోసం అడిగినవాణ్ణి నవ్వి తోలేస్తే, తర్వాత ఎంత ఏడ్చినా పోయిన ప్రాణం తిరిగి రాదు.