దొరసాని కార్తీక నియమం

అనగనగా ఒక ఊళ్ళో, చేపల బుట్ట తిరగని వీధంటూ లేని ఊళ్ళో, పేరంటాలమ్మ అని ఒకావిడ ఉండేది. ఇదిగో బంగారూ, ఊ కొట్టాలి మరి. ఊ కొట్టకపోతే కథ అక్కడే ఆగిపోతుంది.

ఆ పేరంటాలమ్మకి ఒక్కటే గొప్ప. తన చేతి ముద్ద వద్దన్నవాళ్ళు ఈ భూమ్మీద పుట్టలేదని. అన్నానికి మారాం చేసే పిల్లల్ని వాళ్ళ అమ్మలు ఎత్తుకొచ్చి ఆవిడ ఒళ్ళో కూలేసేవాళ్ళు. "ఇది తాత ముద్ద, ఇది మావయ్య ముద్ద" అంటూ గిన్నె ఖాళీ చేయించి పంపేది. అలాంటావిడకి, ఎండాకాలంలో ఎటునుంచి వచ్చిందో ఏమో, ఒక పిల్లి దాపురించింది. దాని దర్జా చూసి దొరసాని అని పేరు పెట్టుకుంది.

నిజంగానే దొరసాని! తెల్లగా, గుమ్మడికాయలా గుండ్రంగా ఉండేది. చేపలమ్మే సింహాచలం గుమ్మంలో బుట్ట దించేసరికి తయారు. ఉప్పూ కారం వెయ్యకుండా ఉడకబెట్టి, ముళ్ళు తీసిన చేప పెడితే తినేది. చల్లారిపోతే తినదు. గిన్నె మారితే తినదు. పేరంటాలమ్మ తిట్టుకుంటూనే ముళ్ళు తీసేది.

అప్పుడు కార్తీక మాసం వచ్చింది. పేరంటాలమ్మ ఏటా ఆ నెలంతా నీచు ముట్టదు. ఇంట్లోకే రానివ్వదు. "నాతోపాటు ఇదీ నియమం పాటిస్తుంది. దీనికి మాత్రం పుణ్యం రావద్దూ?" అంది. అని పిల్లికి కూడా చేప మానిపించేసింది. చూశావా ఆవిడ తెలివి!

మొదటి రోజు వేడివేడి అన్నంలో ముద్దపప్పూ, నెయ్యీ కలిపి పెట్టింది. దొరసాని వచ్చింది. ఒకసారి వాసన చూసింది. ఆ తర్వాత ముందుకాలితో గిన్నె చుట్టూ నేలని బరబరా గీకింది. దొడ్లోకి వెళ్ళొచ్చాక పిల్లి మట్టి కప్పెడుతుంది చూడూ, అచ్చం అలాగ! పేరంటాలమ్మకి ఒళ్ళు మండిపోయింది.

"ఓసి నీ పొగరు పాడుగానూ! నా పప్పన్నం నీకంత కంపుగా ఉందిటే?"

దొరసాని తోకెత్తుకుని వెళ్ళిపోయింది.

రెండో రోజు పాలన్నం పెట్టింది. అన్నం వదిలేసి పాలు మాత్రం నాలుగు గుక్కలు తాగింది. హమ్మయ్య అనుకుంది పేరంటాలమ్మ. ఎక్కడి హమ్మయ్య! మధ్యాహ్నానికల్లా వసారా అంతా పాడుచేసి పెట్టింది. తలస్నానం చేసి మడి కట్టుకున్న మనిషి మళ్ళీ చీపురు పట్టాల్సొచ్చింది. కడిగి కడిగి నడుం పట్టేసింది.

మూడో రోజు ఇంక లాభంలేదని దాన్ని ఒళ్ళో వేసుకుంది. "ఇది తాత ముద్ద, ఇది మావయ్య ముద్ద" అంటూ పెరుగన్నం నోటికి అందించింది. తాత ముద్ద ఉమ్మేసింది. మావయ్య ముద్ద విదిలించేసింది. అత్త ముద్ద దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చెయ్యి రక్కి మంచం కిందికి దూరిపోయింది.

"పోవే! నాకేం పోయింది? ఆకలేస్తే నువ్వే వస్తావు!" అని గిన్నె నేలకేసి కొట్టింది పేరంటాలమ్మ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపమో, ఏడుపో ఆవిడకే తెలీలేదు. ఇంతమందికి తినిపించిన చెయ్యి కదా మరి.

నాలుగో రోజు పొద్దున్న సింహాచలం వీధిలో "చేపలోయ్" అని కేకేసింది. దొరసాని లేవలేదు. మంచం కింద ముడుచుకునే ఉంది. అప్పుడు పేరంటాలమ్మ వంగి దాన్ని బయటికి తీసింది. గుమ్మడికాయ కాస్తా గుప్పెడైపోయింది. చెవుల లోపల పసుపు రాసినట్టుంది. మియ్యామని కూడా అనలేదు.

సింహాచలం చూసి బుట్ట అక్కడే పడేసింది. "ఏటి పెద్దమ్మా, పిల్లి ఇలగైపోనాది? సచ్చిపోద్ది! ముందు డాక్టరు కాడికి ఎల్లు!"

పేరంటాలమ్మ తువ్వాల్లో చుట్టి పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. ఆయన ముందు ఒక సూది వేశాడు. రెండో సూదీ వేశాడు. ఆ తర్వాత తలెత్తాడు.

"ఎన్నాళ్ళైందమ్మా తిని?"

"మూడు రోజులు బాబూ. ఒట్టి మొండిది."

"మొండితనం కాదమ్మా. పిల్లి ఒళ్ళు చేపా మాంసంతోనే నిలబడుతుంది. పప్పూ పెరుగూ దానికి సరిపోవు. పాలు పడవు. ఇలాంటి బొద్దు పిల్లి రెండు మూడు రోజులు పస్తుంటే లివరు దెబ్బతింటుంది. ఆకలేస్తే అదే తింటుందిలే అని వదిలెయ్యకూడదు. ఇవాళ తింటే బతుకుతుంది. కాస్త గోరువెచ్చగా పెట్టండి. రోజూ తీసుకురండి."

పేరంటాలమ్మ ఇంటికొచ్చి తులసికోట ముందు కూలబడింది. ముప్ఫై ఏళ్ళ నియమం. ఒక్క ఏడు కూడా తప్పలేదు. ఒళ్ళో చూస్తే పిల్లి ఊపిరి ఆడుతోందో లేదో అన్నట్టుంది.

"స్వామీ," అంది, "మొక్కుకున్నది నేను. ఇది మొక్కుకోలేదుగా! దీని నోరు కట్టేసి నేను పుణ్యం మూటకట్టుకున్నాను. నాకు బుద్ధి లేకపోతే నువ్వైనా చెప్పొద్దూ?"

అని లేచింది. పెరట్లో మూడు ఇటుకలు పెట్టి పొయ్యి రాజేసింది. సింహాచలం ఇచ్చిన చేపని తన చేత్తోనే ఉడకబెట్టింది. తన చేత్తోనే ముళ్ళు తీసింది. దొరసాని పాత గిన్నెలోనే పెట్టింది. పెట్టి, ఊరుకుందా? దాని ముందే తిష్ఠవేసి కూర్చుంది.

"తినవే. ఒక్క ముక్కే. నా తల్లివి కదూ, తినవే!"

దొరసాని ముఖం తిప్పేసుకుంది.

పేరంటాలమ్మ నెత్తి బాదుకుంది. "ఇంకేం చెయ్యమంటావే నన్ను! నా వల్ల కాదు, తింటే తిను!" అని అటు తిరిగి కూర్చుని కొంగులో ముఖం పెట్టుకుంది.

కాసేపటికి వెనకాల చప్ మంది. ఆగింది. మళ్ళీ చప్, చప్ మంది. పేరంటాలమ్మ తల తిప్పలేదు. అలాగే కూర్చుని హాయిగా ఏడ్చేసింది.

రోజూ సూది, రోజూ గోరువెచ్చటి చేప. వారం తిరిగేసరికి దొరసాని లేచి తిరిగింది. ఆ నెలంతా ఆవిడకి ఎంత పనో చూడు. పెరట్లో చేప వండడం, మళ్ళీ స్నానం చెయ్యడం, ఆ తర్వాత తన పప్పన్నం వండుకోవడం. "ఏ జన్మలో రుణపడ్డానే నీకు" అని సణుగుతూనే చేసేది. ఒకరోజు ఆవిడ అన్నం తింటుంటే దొరసాని వచ్చింది. ఆవిడ పళ్ళెం వాసన చూసింది. చుట్టూ నేలని బరబరా గీకింది.

"నీకు పెట్టలేదులేవే తల్లీ! నాది నేను తింటాను, పో!" అని నవ్వింది పేరంటాలమ్మ.

ఇంక నువ్వు, ఆ నవ్వెందుకు? నీ గ్లాసులో పాలు సగం రోజూ మన పిల్లి గిన్నెలోకి వెళ్తున్నాయని నాకు తెలీదనుకున్నావా? దాని కడుపు పాడవుతుంటే వసారా కడుగుతున్నది ఎవరు మరి? నేనే! పట్టేసేది నా నడుమే! రేపట్నించి నీ పాలు నువ్వే తాగు.

చేప చేరె పిల్లికి, పాలు చేరె పిల్లకి,
కథ చేరె కంచికి, మనం చేరాం మంచానికి.