గొడుగుపట్నంలో ముక్కు మూసుకున్న సూర్యనారాయణుడు

తూర్పు సముద్రపు ఒడ్డున ఉన్న గొడుగుపట్నానికి యాత్రికులు ఏడాది పొడుగునా ఎండ కోసమే వస్తారు. తీరం వెంట లాడ్జీలు, నల్ల కళ్లద్దాల దుకాణాలు, ఉప్పూకారం అద్దిన మామిడికాయ ముక్కలు తింటూ కెరటాల్లో తడిసే జనం. ఇంత ఎండ కాసే ఊరికి గొడుగు పేరేమిటని అడగని వారుండరు. అడిగిన వారిని ఇసుకతిన్నె మీది సూర్యాలయానికి పంపుతారు. అక్కడ స్వామి ఒక చేత తామరపువ్వు పట్టుకొని, రెండో చేత ముక్కు మూసుకొని దర్శనమిస్తాడు. అది ప్రాణాయామమని పండితులు అంటారు గానీ, జాలరిపేటలో ఎవరూ నమ్మరు.

పూర్వం ఇక్కడ పట్నం లేదు. జాలరుల గుడిసెలు, వాటి ముందు ఆరబెట్టిన చేపలు, అంతే. కొర్లమ్మ అనే ఆమె భర్తను సముద్రం తీసుకుపోగా, ముగ్గురు పిల్లలను ఎండుచేపల మీదే సాకుతుండేది. వేట సాగని వానకాలమంతా ఆ ఇంటికి అవే ఆధారం.

ఒక వేసవిలో మృదుపాద మహర్షి సూర్యదర్శనం కోరి ఆ ఒడ్డున తపస్సుకు కూర్చున్నాడు. సంకల్పం గొప్పదే గానీ, ఆయన ఎండకు తాళలేడు. మొదటి పూటకే మాడు పేలిపోయింది. అందుకని తపశ్శక్తిలో కొంత ఖర్చుపెట్టి నెత్తిన ఒక మబ్బును నిలుపుకున్నాడు. అది ఆయనకు చాలినంతే ఉంటే గొడవే లేకపోయేది. ఆ మబ్బు కొర్లమ్మ ఆరబెట్టిన నెత్తళ్లు అనే చిన్న చేపలన్నిటినీ కప్పేసింది. చేపలు మెత్తబడి కంపు కొట్టసాగాయి.

 కొర్లమ్మ పరుగున మహర్షి దగ్గరికి వెళ్లి చేతులు జోడించింది.

“సామీ, రవ్వంత అటు జరిగి కూకోండి. మా సేపలు కుళ్లిపోతన్నాయి.”

“సూర్యభగవానుడు ప్రత్యక్షమయ్యేదాకా లేవను తల్లీ.”

“ఎండకే ఓర్సుకోనేనోరు, ఆ బాబే దిగొస్తే ఏటి సేత్తారు?”

మహర్షి కళ్లు మూసుకున్నాడు. మునులకు ఆ సౌకర్యం ఒకటుంది. కొర్లమ్మకు ఒళ్లు మండింది. కుళ్లిన చేపలన్నీ గంపలతో తెచ్చి ఆయన చుట్టూ పరిచి, “ఇవీ తపస్సు సేత్తాయి” అని వెళ్లిపోయింది.

మబ్బు అడ్డం ఉండడం వల్ల తన కోసం ఒకడు తపస్సు చేస్తున్న సంగతే సూర్యునికి తెలియదు. కంపు మాత్రం మబ్బును దాటి పైకి చేరింది. ఏమిటా అని ఆయన మబ్బును పక్కకు నెట్టి, ముక్కు మూసుకొని దిగివచ్చాడు. మహర్షి పరవశించి స్తోత్రం అందుకోబోయాడు.

“అది తరువాత. ఈ చేపలెవరివి?” అన్నాడు స్వామి.

“నా పిల్లల కూడు బాబూ,” అంటూ కొర్లమ్మ ఇసుకలో కూలబడి బావురుమంది. స్వామి మనసు కరిగింది.

“నీడ కావలసినవాడు గొడుగు పట్టుకోవాలి గానీ, ఆకాశానికి మూత పెట్టకూడదు. ఈమె కొత్త చేపలు ఎండేదాకా నువ్వే కాకులు తోలు,” అని మహర్షిని ఆజ్ఞాపించాడు.

కొర్లమ్మే జాలిపడి ఆయనకు తాటాకు గొడుగు ఇచ్చింది. కొత్త చేపలు గలగలమనేటట్టు ఎండాయి, వానకాలం పిల్లల కడుపు నిండింది. మహర్షి మాత్రం వెళ్లలేదు. పగలంతా స్వామి ఎదుటే ఉండగా ఇంకెక్కడికి పోవాలన్నాడట. ఆ గొడుగు పేరే ఊరికి నిలిచింది.

నేటికీ భక్తులు ముక్కు మూసుకొని స్వామికి మొక్కి, గుడి ముందున్న వెదురుకర్ర తీసుకొని జాలరిపేటలో కాసేపు కాకులు తోలుతారు. దీన్ని కాకిసేవ అంటారు. ఈ సేవ చేసినవారి ఇంట ఆరబెట్టిన వడియాలు తడవవని, పిల్లలకు తిండికి లోటుండదని నమ్మకం. సేవ చేసేవారి నీడ చేపల మీద పడరాదు. పడితే ఎంతటి అధికారికైనా పేట ఆడవాళ్లు చెప్పేది ఒక్కటే మాట.

“బాబూ, రవ్వంత అటు జరగండి.”