నెత్తిన మట్టిపెళ్ల

నేనింతవరకూ ఏదీ రాసినదాన్ని కాను. మా మేనత్త చెప్పిన కథ ఇది, తప్పులుంటే మన్నించండి.

పూర్వం ఒక రాజ్యంలో పొరరాళ్ల గుట్ట ఉండేది. పలకలుగా విడిపోయే రాయి చితికి చితికి అక్కడ మన్నయింది. జానెడు లోతు లేకపోయినా గడ్డి మాత్రం దట్టంగా మొలిచేది. గొర్రెలు కాసే బీరమ్మకు ఆ గుట్టే బతుకు.

వానలకు పచ్చబడ్డ గుట్ట మీద ఆ సీమలో పన్నులు వసూలు చేసే దేశాయి కన్ను పడింది. ఒక మూల గడ్డి చెక్కించి, దున్నించి, "ఇది మా తాతలనాటి చేను" అన్నాడు. తగవు రాజుగారి దాకా పోయింది.

"గుట్ట మట్టిపెళ్ల నెత్తిన పెట్టుకుని పొలిమేర చుట్టి రండి. ఎవరి పెళ్ల విడిపోకుండా వస్తే గుట్ట వాళ్లది" అన్నాడు రాజు. అది ఆనాటి ఆచారం.

బీరమ్మ చేతులు కట్టుకుంది. "ముందు దొరవారే ఎంచుకోవాలి. దున్నిన చోట శుభ్రమైన పెళ్లలున్నాయి. గడ్డీ గాదం మాబోటివాళ్లకు చాలు."

"ఇప్పటికి తెలిసిందా నీ తాహతు!" అంటూ దేశాయి అన్నిట్లోకీ పెద్దది ఎత్తుకున్నాడు. నాలుగడుగులకే అది పలుకులుగా విచ్చి మీసాల్లోకీ అంగీలోకీ జారింది. సగం దూరానికి ఆయన గోక్కుంటూ నడుస్తున్నాడు, నెత్తిన ఏమీ లేదు.

బీరమ్మ గడ్డిదుబ్బుతో పెకలించిన పెళ్లను చెక్కుచెదరకుండా తెచ్చింది.

"మోసం! దాని పెళ్లను వేళ్లు పట్టుకున్నాయి!" అని దేశాయి అరిచాడు.

"నేను మొత్తుకునేదీ అదే కదా దొరా! గడ్డి పట్టుకుంటేనే ఈ మన్ను నిలుస్తుంది. తమరు గడ్డి పీకించారు, గుట్ట తమరి అంగీలోకొచ్చింది."

రాజు నవ్వుతూనే గుట్ట బీరమ్మదన్నాడు.

పెంట పడితే గడ్డి తొందరగా లేస్తుంది. దొర దున్నించిన కష్టం ఊరికే పోకూడదని, మర్నాడు పొద్దున్నే బీరమ్మ మందనంతా ఆ మూలకే తోలింది.