తీతువును తీసేసిన తాబేలు

ఎర్రవాగు మడుగులో ఒక తాబేలు ఉండేది. గట్టెక్కి ఒక్కరిని పలకరించి వచ్చేసరికే దానికి పొద్దు గూకేది. అందుకని ఫోనులో ‘వాగు కబుర్లు’ అని గ్రూపు పెట్టుకుంది. జంతువులకు ఫోన్లెక్కడివంటారా? మాటలెక్కడివని ఏనాడైనా అడిగారా! ఉడుత, కుందేలు, నక్క, తీతువు పిట్ట అందరూ చేరారు. ఎవరిని చేర్చాలన్నా, తీసెయ్యాలన్నా తాబేలుదే పెత్తనం.

తాబేలు ఏం రాసినా నక్క ముందు పలికేది. “అబ్బబ్బ, ఏం రాశావన్నయ్యా!”

తీతువు మాత్రం, “తమ్ముడూ, ఏమైనా తిన్నావా? రేవులో వల వేశారు, అటు పోకు” అనేది.

ఒకనాడు నక్క విడిగా రాసింది. “అన్నయ్యా, తీతువు కూత అపశకునమంటారు. పొద్దున్నే దాని భయాలు మనకెందుకు? అందరూ విసుక్కుంటున్నారు, నీతో చెప్పలేక ఊరుకున్నారు.”

నిజమే కాబోలనుకుని తాబేలు తీతువును తీసేసింది. నక్కకు కావలసిందీ అదే. ఎందుకంటే, నక్క కదలగానే అరిచి గ్రూపులో అందరినీ హెచ్చరించేది తీతువే కదా!

మర్నాడే నక్క మళ్లీ రాసింది. “రేపు ఇసుకమేట మీద నీకు సన్మానం. శాలువా కూడా తెచ్చాం. తెలియనట్టే రా, గ్రూపులో అనకు.”

తాబేలు పొంగిపోయి, ఈడ్చుకుంటూ ఈడ్చుకుంటూ వెళ్లింది. చూస్తే నక్క ఒక్కటే ఉంది.

“తక్కినవాళ్లేరీ?”

“వస్తార్లే. ముందు శాలువా కప్పనీ” అంటూ నక్క మూతితో దాన్ని వెల్లకిలా తిప్పేసింది. తాబేలు తలా కాళ్లూ లోపలికి లాక్కుంది. “ఉండు ఉండు, ఇసుక కాలితే నువ్వే బయటికొస్తావు” అని నక్క పక్కనే చతికిలబడింది.

అంతలో గులకరాళ్లలోంచి తీతువు గీపెడుతూ లేచి నక్క కళ్ల మీద పడింది. ముక్కుతో పొడిచింది, రెక్కలతో కొట్టింది. నక్క గుడ్డిగా వెనక్కి తొక్కుకుంటూ, ఆ గులకరాళ్ల మీద పడుతూ లేస్తూ పారిపోయింది.

తాబేలు మెడ చాచి, ఇసుకకు తన్నిపట్టి, ఎలాగో బోర్లా తిరిగింది. “నిన్ను తీసేశాను కదక్కా! ఎందుకొచ్చావు?”

“తీసింది ఫోనులోంచే కదా తమ్ముడూ” అంటూ తీతువు గులకరాళ్ల వైపు నడిచింది.

అక్కడే దాని గుడ్లు ఉండేవి. నక్క కాళ్ల కింద అన్నీ చితికిపోయాయి.

“ఇప్పుడే మళ్లీ చేరుస్తానక్కా, ఇప్పుడే...” అంది తాబేలు.

తీతువు రెక్కలు దించి, ఆ పెంకుల మీదే పొదుగుతున్నట్టు కూర్చుంది.

నీతి: మన రాతలు మెచ్చేవాళ్లు ఎందరైనా దొరుకుతారు గానీ, మన క్షేమం అడిగేవాళ్లు ఫోనులో పరిచయమైనవాళ్లైనా సరే, వాళ్లను పోగొట్టుకోకూడదు.