పరామర్శకు వచ్చినవారు

సూరపరాజుకు ఒక సద్గుణం ఉంది. అక్క నరసాయమ్మకు పక్షవాతం వచ్చిన ఈ మూడేళ్ళలో, తనంత సేవ చేసినవాడు ఆ చుట్టుపక్కల లేడని తన నోటితో ఏనాడూ చెప్పుకోలేదు. చూడవచ్చినవాళ్ళు ఆ మాట అనేదాకా కాఫీ మాత్రం ఇచ్చేవాడు కాడు.

అక్కను ఎత్తీ ఎత్తీ అతని పొత్తికడుపులో నిమ్మకాయంత ఉబ్బు తేలింది. హెర్నియా అన్నాడు డాక్టరు. ఆలస్యం చేస్తే ప్రాణం మీదికొస్తుందన్నాడు. ఆపరేషన్‌కు నాలుగు తారీకులు పెడితే నాలుగూ తప్పించాడు. చివరికి భాగవతం చెప్పే కోదండయ్యగారి దగ్గరికి వెళ్ళి, "గురువుగారూ, సేవలో ఉన్నవాడు తన ఒళ్ళు చూసుకోవడం స్వార్థం కాదూ?" అని అడిగాడు. సందేహం తీరడానికి కాదు, శభాష్ అంటారని.

"ఆదివారం మీ ఇంటికి ఎంతమంది వస్తారోయ్?" అన్నారాయన.

"పదిమందికి తక్కువుండరండి."

ఆదివారం పొద్దున్నే గురువుగారు వచ్చి గుమ్మం పక్కన పీట వేసుకు కూర్చున్నారు. ముందుగా మేనమామ వరసైన సత్తిరాజు బత్తాయిల సంచీతో దిగాడు. "మా అల్లుడు దేవుడండీ! అల్లుడూ, కాఫీ కాస్త చిక్కగా!"

"దేవుళ్ళు కాఫీ పెట్టరు. ఆ కాయలు ఒలిచి, రసం తీసి, ఆవిడచేత తాగించి కూర్చోండి," అన్నారు గురువుగారు.

సత్తిరాజుకు బస్సు గుర్తొచ్చింది. రొట్టె పట్టుకొచ్చినాయన, ఉతకవలసిన దుప్పట్లు చూపించగానే నడుంనొప్పి అన్నాడు. ఇలా ఆరుగురు.

"ఇంటికొచ్చినవాళ్ళకి పని చెబితే పరువు పోతుందండీ!" అన్నాడు సూరపరాజు, ఏడుపొక్కటే తక్కువ.

"పోయేది పరువొక్కటే అయితే నయమే."

ఏడో మనిషి పక్కవీధి పుల్లమాంబ. కోడల్ని వెంటబెట్టుకొచ్చింది. పని మాట చెవిన పడగానే కొంగు దోపింది. "మూడేళ్ళుగా అడుగుదామనే ఉందండీ. ఈ మహానుభావుడు గ్లాసు ముట్టుకోనిస్తేగా!"

ఆవిడ రసం తాగిస్తుంటే సూరపరాజు మంచం చుట్టూ తిరిగాడు. "వడకట్టారా? తల ఎడమకి... అయ్యో, మెల్లిగా!"

నరసాయమ్మ వంకరపోయిన నోటితో ఒక్కొక్క మాటే కూడబలుక్కుంది. "ఒరేయ్... మూడేళ్ళు... నీ మొహమే... చూశాను. అవతలికి... పోరా."

పుల్లమాంబ పకపకా నవ్వింది. అక్కా నవ్వింది. రసం గడ్డం మీదికి కారింది. ఏ ప్రళయమూ రాలేదు.

"ఆపరేషనై నువ్వు కోలుకునేదాకా మీ అక్కను నేనూ మా కోడలూ చెరో పూటా చూస్తాం. కాదన్నావో, మంచంతో సహా మా ఇంటికి మోయించుకుపోతా," అంది పుల్లమాంబ.

సూరపరాజు డాక్టరుకు ఫోన్ చేసి బుధవారం ఖాయం చేసుకున్నాడు. చేశాడన్నమాటే గానీ అక్క గది గుమ్మం వదల్లేక, రెండు తలుపులూ పట్టుకుని లోపలికే చూస్తూ అక్కడే నిలబడ్డాడు.

"నిజం చెబుతున్నాను గురువుగారూ. ఇంకొకరికి అప్పగించడం నాకింకా చేతకాలేదు."

పుల్లమాంబ కోడలు దొడ్లోంచి తడిగుడ్డ, నీళ్ళ చెంబు పట్టుకుని అతని వెనక ఎదురుచూస్తోంది.

"చేతకాకపోతే మానె," అన్నారు గురువుగారు. "ఆ అమ్మాయికి దారియ్యి."