గవరమ్మ గిన్నికోళ్ళు

అనగనగా ఒక ఊళ్ళో, ఊరి చివర, గడ్డివాముల పక్కన ఒక పూరిల్లు ఉండేది. అందులో గవరమ్మ, ఆవిడ అత్త పైడమ్మ ఉండేవారు. ముందే చెప్తున్నా అమ్మలూ, ఈ కథ చెప్పేటప్పుడు నాకు కోపం వస్తుంది. నువ్వు ఊఁ కొడుతూ ఉండు, నా కోపం సంగతి నేను చూసుకుంటాను.

గవరమ్మ పొద్దున్నే గంజి తాగి కూలికి పోయేది. పైడమ్మకి రెండు కళ్ళూ కనపడవు. రోజంతా వాకిట్లో నులకమంచం మీద కూర్చునేది. గడ్డివాములంటే తెలుసుగా, ఎలకలుంటాయి. ఎలకల కోసం పాములొస్తాయి. పాము వస్తే ఆ ముసలావిడకి ఎవరు చెప్తారు? గవరమ్మ చేతులు చేలో కలుపు తీస్తున్నా, మనసంతా ఆ మంచం దగ్గరే ఉండేది.

అప్పుడు గవరమ్మ పుట్టింటికి వెళ్ళి, తవుడులో పెట్టుకుని పదిహేను గిన్నికోడి గుడ్లు తెచ్చింది. నువ్వు గిన్నికోడిని చూళ్ళేదు కదూ. ఒళ్ళంతా నల్లగా ఉండి, పైన బియ్యప్పిండి చల్లినట్టు చుక్కలుంటాయి. తల మాత్రం బోడి. అందం సంగతి అడక్కు. కానీ పాము కనపడిందంటే ఊరుకోదు, అన్నీ చుట్టూ చేరి ఊరంతా వినపడేలా అరుస్తాయి. గవరమ్మకి కావలసింది ఆ అరుపే.

గుడ్లు పొదగడానికి ఒక పెట్ట కావాలి. ఆ ఊళ్ళో లచ్చుంనాయుడని భూములున్న మనిషి ఉన్నాడు. వాళ్ళ పెట్ట పొదుగుకి వచ్చి ఉంది. ఆ పక్క పద్ధతి ఏమిటంటే, ఒకరి పెట్టని పొదగడానికి తెచ్చుకుంటే, లేచిన పిల్లల్లో రెండు వాళ్ళకిచ్చి, పెట్టని మళ్ళీ అప్పజెప్పాలి. తాతల నాటి నుంచీ అంతే. ఆ మాట మీదే గవరమ్మ ఆ పెట్టని తెచ్చుకుని గుడ్ల మీద కూర్చోబెట్టింది.

మామూలు కోడిగుడ్డు ఇరవై ఒక్క రోజులకి పిల్ల అవుతుంది. గిన్నికోడి గుడ్డుకి ఇంకో వారం పడుతుంది. ఇరవై ఒకటో రోజున నాయుడొచ్చి ఒక గుడ్డు చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. "అన్నీ మురిగిపోయాయి, పారెయ్. నా పెట్ట ఎండిపోతోంది," అన్నాడు. గవరమ్మ బతిమాలింది. ఒక్క వారం పెట్టని ఉంచినందుకు, ఆ వారమంతా కూలి నుంచి వచ్చి వాళ్ళ దొడ్లో పిడకలు కొట్టింది. మురిగిపోయాయన్న మాట గుర్తుపెట్టుకో అమ్మలూ.

సరిగ్గా ఇరవై ఎనిమిదో రోజున పదమూడు పిల్లలు లేచాయి. గిన్నికోడి పిల్లలకి తడి పడదు. మంచులో తిరిగితే చచ్చిపోతాయి. అందుకని గవరమ్మ పొద్దెక్కి గడ్డి ఆరేదాకా వాటిని గంప కింద మూసిపెట్టేది. ఒక్క పిల్ల కూడా పోలేదు. వాటికి రెక్కలొచ్చాక, పద్ధతి ప్రకారం రెండు పిల్లల్నీ పెట్టనీ తీసుకుని నాయుడింటికి వెళ్ళింది. "ఈ బోడితలలు నాకెందుకు? పట్టుకుపో," అని ఆయన పెట్టని మాత్రం తీసుకున్నాడు. ఈ మాట కూడా గుర్తుపెట్టుకో.

పెరిగాక వాటి వేషాలు ఇన్నీ అన్నీ కావు. సాయంత్రం గూట్లోకి రమ్మంటే రావు, అన్నీ ఎగిరి ఇంటి వెనక నేరేడు చెట్టు ఎక్కుతాయి. గుడ్లు తుప్పల్లో దాస్తాయి. ఎవరైనా వెనకాల వస్తున్నారని తెలిస్తే ఆ తుప్ప వైపే చూడవు. గవరమ్మ ఒకసారి కొత్త చీర కట్టుకుంటే, ఎవరో అనుకుని గవరమ్మ మీదే అరిచాయి. కానీ ఆనపపాదు మీద ఒక్క పురుగుని ఉండనివ్వలేదు. మామూలు కోళ్ళలాగా మొక్కల మొదళ్ళు కెలకలేదు.

అన్నిటికంటే మేలు పైడమ్మకి జరిగింది. ఆవిడ ఆ అరుపులు నేర్చుకుంది. గద్దకి ఒక అరుపు, కొత్త మనిషికి ఒక అరుపు, పాముకి ఒక అరుపు. పాము అరుపు వినగానే కాళ్ళు మంచం మీదికి తీసుకునేది. అవి ఊరుకున్నాక కాళ్ళు కిందికి దించి, గోడ పట్టుకుని కుండ దగ్గరికి వెళ్ళి నీళ్ళు తాగేది. గవరమ్మ చేలో నిమ్మళంగా పని చేసుకునేది.

అప్పుడు నాయుడి పెసర చేలో మిడతలు పడ్డాయి. గవరమ్మ పెరడు మాత్రం పచ్చగా ఉంది. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి, పొదిగింది తన పెట్ట అని. పంచాయితీ పెట్టించాడు. ఎక్కడనుకున్నావు? తన అరుగు మీదే. పెద్దమనుషులు ఆయన మజ్జిగ తాగి, మూతులు తుడుచుకుని, "ఆవు ఎవరిదైతే దూడ వాళ్ళదే. పెట్ట నాయుడిది గనక పిల్లలూ నాయుడివే," అన్నారు. గుడ్లెవరివని ఒక్కడు అడగలేదు. సిగ్గుండాలా వద్దా?

మొదటిసారి గంపల్లో పెట్టి పట్టుకెళ్ళారు. పొద్దుగూకేసరికి అన్నీ ఎగిరొచ్చి నేరేడు చెట్టు మీద కూర్చున్నాయి.

రెండోసారి రెక్కలు కత్తిరించి పట్టుకెళ్ళారు. ఎగరలేకపోతే ఏం, కాళ్ళున్నాయిగా. ఒకదాని వెనక ఒకటి, నడివీధిలో అరుచుకుంటూ నడిచొచ్చాయి. జనం పనులు మానుకుని చూశారు.

మూడోసారి నాయుడు, అలవాటు పడ్డాక చేలోకి వదలొచ్చని, వాటిని పశువుల సాలలో పెట్టి తాళం వేశాడు.

ఒక రోజు అయింది. రెండు రోజులయ్యాయి. మూడో రోజు సాయంత్రం గవరమ్మ కూలి నుంచి వచ్చేసరికి పైడమ్మ మంచం మీద రెండు కాళ్ళూ ముడుచుకుని కూర్చుని ఉంది. పెదాలు ఎండిపోయాయి. కుండలో నీళ్ళు పోసినవి పోసినట్టే ఉన్నాయి.

"అత్తా, నీళ్ళు తాగలేదేం?" అంది గవరమ్మ.

"కోళ్ళు లేవుగా గవరీ," అంది పైడమ్మ. "మూడు రోజుల నుంచీ, నువ్వటు వెళ్ళాక కాలు దించాలంటే భయంగా ఉంది. ఎక్కడ పెట్టాలో తెలీటం లేదు."

అదీ సంగతి. ఒకడి పెసర చేను కోసం ఒక ముసలిది దాహంతో కూర్చుంది. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అప్పుడు గవరమ్మ అత్తకి నీళ్ళు తాగించి, చెయ్యి పట్టుకుని తిన్నగా ఆ అరుగు దగ్గరికి నడిపించుకెళ్ళింది. ఏడవలేదు. "ఇరవై ఒకటో రోజున మురిగిపోయాయన్న గుడ్లు ఈయనవి ఎలా అయ్యాయి? వద్దని తిప్పి పంపిన పిల్లలు ఈయనవి ఎలా అయ్యాయి? చెప్పండి," అని అక్కడ కూర్చున్న పెద్దమనుషుల్ని అడిగింది.

"సాల తలుపు తియ్యండి," అంది పైడమ్మ. "అవి ఎవరివో వింటే తెలిసిపోతుంది."

ముందు నాయుడు చాటలో నూకలు పోసుకుని లోపలికి వెళ్ళాడు. పదమూడూ కలిసి ఒక్కసారి అరిచేసరికి పెద్దమనుషులు చెవులు మూసుకున్నారు. "ఇది కొత్త మనిషి అరుపు," అంది పైడమ్మ. మూడు రోజులు ఆయన సాలలో ఉండి, ఆయన తిండి తిన్నాయి, అయినా కొత్త మనిషే.

తర్వాత నాయుడు పెట్టని లోపలికి తోశాడు, తల్లిని చూస్తే ఊరుకుంటాయని. అవి ఆ తల్లిని కూడా ఎరగనట్టు ముక్కులతో పొడిచి బయటికి తరిమాయి. గిన్నికోళ్ళ బుద్ధి అంతే, వాటిని నేను వెనకేసుకు రాను.

ఆఖరికి పైడమ్మ గోడ తడుముకుంటూ లోపలికి వెళ్ళింది. చేతిలో ఒక్క గింజ లేదు. అరుపు ఆగిపోయింది. అవి గుసగుసగా కూసుకుంటూ ఆవిడ కాళ్ళ చుట్టూ చేరాయి. గవరమ్మ అత్త చెయ్యి పట్టుకుని ఇంటి దారి పట్టింది. వెనకాల పదమూడూ నడిచాయి. రెక్కలు మళ్ళీ పెరిగేదాకా నేరేడు చెట్టుకి ఒక నిచ్చెన ఆనించి ఉంచింది గవరమ్మ. ఎక్కి పడుకునేవి.

తప్పయిందని ఎవరైనా అన్నారనుకున్నావా? ఒక్కరంటే ఒక్కరు అనలేదు. పైగా పెద్దమనుషులు మీసాలు దువ్వుకుని, "చూశారా, ఎంత చక్కగా తీర్పు చెప్పామో," అన్నారు. తీర్పు కోళ్ళు చెబితే పేరు వీళ్ళకి.

కానీ కోళ్ళు మర్చిపోలేదు. నాయుడి చేనుకి దారి గవరమ్మ ఇంటి ముందు నుంచే. ఆయన ఆ మలుపు తిరిగితే చాలు, పదమూడూ లేచేవి. ఎక్కడున్నాడో ఊరందరికీ తెలిసిపోయేది. చివరికి ఆ దారే మానేశాడు. బతికినన్నాళ్ళూ కాలవ గట్టు మీదుగా మైలు దూరం చుట్టు తిరిగి వెళ్ళాడు. బాగా అయింది.

పైడమ్మేమో రోజూ వాకిట్లో మంచం మీద కూర్చుని, ఆ గోల వింటూ, రెండు కాళ్ళూ నేల మీద ఆనించుకుని, కావలసినప్పుడల్లా లేచి నీళ్ళు తాగింది.

ఇంక నువ్వు కూడా ముడుచుకోకు అమ్మలూ, కాళ్ళు బారజాపుకుని పడుకో. నేనిక్కడే ఉన్నాను.

కథేమో కంచికి, కోళ్ళేమో కొమ్మకి,
నాయుడేమో గట్టుకి, మనమేమో నిద్దరకి.