కప్పిపెట్టిన పెట్ట

అనగనగా ఒక అడవి. అడవంటే పులులు తిరిగే అడవి కాదర్రా, అప్పాయమ్మ ఇంటి పెరడు. అందులో బొల్లి అనే కోడిపెట్ట ఏడు పిల్లల్ని వెంటేసుకుని తిరిగేది. దానికి వచ్చిన విద్య ఒక్కటే, కెలకడం. చెత్త కనిపిస్తే చాలు, కాళ్ళతో చిమ్మి పారేసేది. అందుకు అప్పాయమ్మ చేత రోజూ చీవాట్లు తినేది.

ఒకనాడు కట్టెల గుట్ట వెనక కెలుకుతుంటే చచ్చిన పందికొక్కు బయటపడింది. దాని నిండా తెల్లటి పురుగులు లుకలుకలాడుతున్నాయి. పిల్లలు ఎగబడి తిన్నాయి. ఎప్పుడూ ఆకలని ఏడ్చే చిన్నపిల్ల ఆ రోజు కడుపునిండా తిని, తల్లి రెక్క కింద హాయిగా నిద్రపోయింది. బొల్లికి ప్రాణం లేచొచ్చింది.

"ఇది అప్పాయమ్మ కంటబడితే తీసి పారేస్తుంది. నా పిల్లల నోటికాడ కూడు పోతుంది" అనుకుంది.

పుట్టి బుద్ధెరిగాక కెలకడమే తప్ప కప్పడం ఎరగని పెట్ట, మట్టీ ఎండుగడ్డీ ఎగదోసి ఆ పందికొక్కును కప్పేసింది. బొల్లిని మరీ తిట్టుకోకండి. అది తల్లి.

మర్నాడు గొలుసుతో కట్టేసి ఉన్న కుక్క పిలిచింది. "బొల్లక్కా, కట్టెల వెనక ఏదో కుళ్ళింది. నా మెడకి గొలుసుంది. నువ్వు కాస్త కెలికి బయటపెట్టు."

"అక్కడేం లేదురా తమ్ముడూ" అంది బొల్లి.

ఆ తర్వాత అప్పాయమ్మే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వెతుక్కుంటూ వచ్చింది. బొల్లి గబగబా వెళ్ళి, కప్పిన చోటే పిల్లల్ని రెక్కల కింద పొదువుకుని కూర్చుంది.

"పిల్లల తల్లి, కదపకూడదు" అనుకుంటూ ఆవిడ పక్కనుంచి వెళ్ళిపోయింది.

వారం గడిచింది. బొల్లి రోజూ చాటుగా కాస్త కెలికి పెడితే పిల్లలు తిన్నవి కొన్నే. తినగా మిగిలిన పురుగులు మట్టిలోకి దిగి, రెక్కలు మొలిచి, ఈగలై లేచాయి. పెరడంతా ఒకటే రొద. సరిగ్గా అప్పుడే అదే పెరట్లో ఉండే ఎర్రావు ఈనింది, చిన్న తువ్వాయి పుట్టింది.

"చెల్లీ, ఎంతసేపని తోక విసరను? బిడ్డ బొడ్డు ఇంకా ఆరలేదు. పెరడంతా తిరిగేదానివి, ఈ ఈగలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో నీకు తెలీదా?" అంది ఎర్రావు.

 బొల్లి తన చిన్నపిల్ల వైపు చూసుకుంది. ఇంకో నాలుగు రోజులు ఆగితే ఇది గట్టిపడుతుంది కదా అనుకుంది.

"నాకేం తెలుసక్కా" అంది.

మూడో రోజుకి తువ్వాయి పాలు తాగడం మానేసింది. దాని బొడ్డులో పురుగులు పడ్డాయి. ఎర్రావు మళ్ళీ బొల్లినే పిలిచింది.

"నువ్వు పురుగుల్ని ఏరుకు తినేదానివి కదమ్మా. నా బిడ్డ ఒంట్లోవి తీసెయ్యవూ?"

బొల్లి ముక్కు పెట్టింది. రెండు పురుగులు వచ్చాయి. మిగిలినవి లోలోపలికి దూరిపోయాయి. ఇంకోసారి పొడిచేసరికి రక్తం వచ్చింది. తువ్వాయి "అంబా" అని అరిచింది.

బొల్లి ఇక నిలవలేకపోయింది. కట్టెల వెనక్కి పరిగెత్తి, పెరడు దద్దరిల్లేలా అరుస్తూ, కప్పినదంతా కెలికి పారేసింది. అప్పాయమ్మ వచ్చి చూసి లోతుగా గొయ్యి తీసింది. పందికొక్కును పాతిపెట్టి సున్నం చల్లింది. సీతాఫలం ఆకు నూరి తువ్వాయి బొడ్డులో పెట్టింది. కానీ అప్పటికే ఆలస్యమైంది. మర్నాడు పొద్దున తువ్వాయి లేవలేదు.

"అక్కా, నాకు తెలుసు. నేనే కప్పాను. నా పిల్లలు ఆకలితో ఉన్నాయని..." అంది బొల్లి.

ఎర్రావు పొదుగు నుంచి పాలు వాటంతట అవే నేలకి కారుతున్నాయి. 

"ఆ ఆకలేదో నాతో చెప్పకూడదుటే? నా తొట్టిలో తవుడు మిగిల్చేదాన్ని కదే" అంది ఎర్రావు.

ఆ సాయంత్రం ఎర్రావు తొట్టి అంచున నిజంగానే తవుడు మిగిల్చింది. ఏడు పిల్లలూ కడుపునిండా తిన్నాయి. బొల్లి మాత్రం చిటికెడు తవుడు కూడా మింగలేకపోయింది.

నీతి: మన పిల్లల కోసమని దాచిన కుళ్ళు ఈగలై లేచి పక్కవాళ్ళ పిల్లల మీద వాలుతుంది, చెడును కనబడిన రోజే బయటపెట్టాలి.